సన్యాసమ్మకు అష్టభోగాలు

నేను చెప్పబోయే కథలో ఒక చావు ఉంది, ఒక గోడ ఉంది, ఎనిమిది సంస్కృత మాటలు ఉన్నాయి. చావుకు నేను బాధ్యుణ్ణి కాను. ఆవిడ వయసు మీరి, నిద్రలోనే పోయింది. గోడ కూడా నేను కట్టలేదు. కానీ ఆ పోయిన మనిషి ఆ గోడ ఎక్కవలసి రావడానికి మాత్రం కారణం నేను, నేనొక్కడినే. అనకాపల్లి చుట్టుపక్కల పాడె నిచ్చెన ఎక్కిన చావు ఇంకొకటి జరిగినట్టు నేను వినలేదు. మీరెవరైనా విని ఉంటే చెప్పండి. నాకు కాస్త తోడుగా ఉంటుంది.

ముందు నా సంగతి. అప్పటికి నాకు ముప్పై దాటాయి. బెల్లం మార్కెట్‌లో కాటా దగ్గర గుమస్తాని. దిమ్మలు తూకం వేస్తుంటే బరువులు రాసుకోవడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది కానీ లెక్కల పిచ్చి ఆగలేదు. ఎవరో పాత సర్వేయరు పారేసిన పుస్తకం ఒకటి దొరికితే, దాన్ని పట్టుకుని నాకు నేనే భూమి కొలవడం నేర్చుకున్నాను. ఎంత వంకర భూమి చెక్క అయినా త్రిభుజాలుగా కోసి, సెంటులో పదో వంతు తేడా లేకుండా విస్తీర్ణం చెప్పేవాణ్ణి. గట్టు తగాదాలు వచ్చినప్పుడు నన్ను పిలిచేవారు. అందరూ 'మాస్టారు' అనేవారు. నేను పాఠం చెప్పిన విద్యార్థి ఈ భూమ్మీద ఒక్కడు లేడు, అయినా ఆ పిలుపు వినబడితే మెడ ఒక అంగుళం పొడుగయ్యేది.

ఇంతవరకూ ఊరికి ప్రమాదం లేదు. ప్రమాదం మా తాతగారి పాత దస్తావేజులో నుంచి వచ్చింది. అందులో ఆయన కొన్న పొలం గురించి ఇలా రాసి ఉంది: 'నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజస్స్వామ్యములతో'. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అది ఏ సెంటు భూమి మీద హక్కు గురించో రాసినట్టు లేదు, ఎవరికో పట్టాభిషేకం చేస్తున్నట్టు ఉంది.

తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడిగి అర్థం రాబట్టాను. మీరు అడగకపోయినా చెబుతాను, అప్పట్లో అందరికీ అలాగే చెప్పేవాణ్ణి. నిధి అంటే ఎవరో ఎప్పుడో పాతి, ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన సొత్తు. నిక్షేపం అంటే తెలిసి భద్రంగా దాచినది. జలం నీళ్ళు. పాషాణం రాళ్ళు, గనులు. అక్షీణం అంటే తరగకుండా వస్తూ ఉండే ఫలం. ఆగామి ముందుముందు రాబోయే లాభం. సిద్ధం ఇప్పటికే సాగులోకి వచ్చినది. సాధ్యం కష్టపడితే తీసుకురాగలిగినది. మొత్తం ఎనిమిది. రాజులు దానం ఇచ్చేటప్పుడు వాడిన మాటలు, తరువాత క్రయ దస్తావేజుల్లోకి దిగాయి. పాతకాలం లేఖరులు ఇవి రాయందే కలం పక్కన పెట్టేవారు కాదు. ఈ ఎనిమిదీ రాశారంటే అమ్మినవాడికి ఆ నేల మీద మిగిలేది ఒక్కటే, దాని వైపు చూసి నిట్టూర్చే హక్కు.

ఇలాంటి ఆయుధం చేతిలో పెట్టుకుని నేను ఊరికే ఉంటానా? టీ కొట్టు దగ్గర ఎవరైనా 'స్థలం అమ్మేశాను' అంటే చాలు, 'అష్టభోగాలతోనా, ఉత్తినేనా?' అని అడిగేవాణ్ణి. పాపం, ఎంతమంది ఆ రోజు అన్నం సరిగా తినకుండా పడుకున్నారో.

ఇక్కడ అప్పలనాయుడు వస్తాడు. అచ్యుతాపురం వెళ్ళే రోడ్డు పక్కన చెరుకు వేసుకునే రైతు. చెరుకు గిట్టక, కంపెనీలకు మనుషుల్ని తిప్పే వ్యాను కొనుక్కుందామని రోడ్డువార ముప్పై సెంట్లు అమ్మకానికి పెట్టాడు. కొనేది కరీం భాయ్. పట్నంలో ఇనప గేట్లు తయారుచేసే షాపు ఆయనది. మా ఊళ్ళో మీరు ఏ మంచి ఇంట్లోకి వెళ్ళినా కరీం భాయ్ గేటు తోసుకునే వెళ్ళాలి. ఆయనకు షాపు ఇరుకై, రోడ్డు మీద పెద్ద షెడ్డు వేయాలనుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళు, బేరం నవ్వుతూ కుదిరింది. కొలతకు నన్ను పిలిచారు. నేను లేకపోతే ఈ కథ ఇక్కడితో సుఖంగా ముగిసిపోయేది.

రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద దస్తావేజులు రాసే కామేశం గారి బల్ల ఉంది. భూమి అప్పలనాయుడి తండ్రిది కాబట్టి తల్లి సన్యాసమ్మ కూడా వేలిముద్ర వేయాలి. ఆవిడ వచ్చి ఒక పక్కన గొంతుక్కూర్చుంది. ఎండిన చెరుకు గడలాంటి మనిషి, నడుం వంగిపోయింది, నోరు మాత్రం వంగలేదు.

కామేశం గారు చదివారు: "...సదరు స్థలమును సమస్త హక్కులతో మీకు విక్రయించినాము." కళ్ళద్దాలు తీసి, "అంతే, లోపలికి పదండి" అన్నారు.

"అంతేనా?" అన్నాను. "అష్టభోగాలు ఏవండీ?"

ఆయన నన్ను పంటి కింద రాయిని చూసినట్టు చూశారు. "ఏమోయ్, ఈ రోజుల్లో అవెవరు రాస్తున్నారు? నిధి దొరికితే గవర్నమెంటు పట్టుకుపోతుంది. గని దొరికినా వాళ్ళదే. సమస్త హక్కులు అన్నాను కదా, నీ ఎనిమిదీ అందులోనే ఉన్నాయి."

"ఉంటే ఉన్నాయని రాయాలి కదండీ. రేపు ఎవరైనా కాదంటే?"

కరీం భాయ్ మొహమాటంగా, "మాస్టారూ, నాకు షెడ్డుకి జాగా చాలు. నిధి వద్దు. అది దొరికితే నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

"మీకు తెలియదు భాయ్" అని నేను లేచి నిలబడ్డాను. నిలబడక్కర్లేదు. అయినా నిలబడి, పందిరి కింద ఉన్న నాలుగు బల్లలవాళ్ళకూ వినబడేలా ఎనిమిదీ వరసగా చెప్పి, అర్థాలు చెప్పి, "అంటే ఆ నేల మీద గడ్డిపోచ, కింద గులకరాయి, ఏదీ ఇక నాయుడిది కాదు" అని ముగించాను. చప్పట్లు రాలేదు.

"ఓ బాబూ, సూడు" అంది సన్యాసమ్మ. "రాయి కూడా ఎల్లిపోద్దా?"

"పాషాణం అంటే రాయే కదమ్మా. వెళ్ళిపోతుంది."

"బూమి కిందన దాసిందో?"

"కింద ఏమున్నా సరే. నిక్షేపం. అంతా కరీం భాయ్‌దే."

ఆవిడ కాసేపు ఏదో లెక్క వేసుకుంది. "అయితే మా ముసిలోడు ఈ సాయిబు గారికి సెందిపోనాడా?"

అప్పలనాయుడు తల పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ ముప్పై సెంట్ల వెనక భాగంలో, గెడ్డ గట్టు దగ్గర (మా వైపు వాగును గెడ్డ అంటారు), తాటిచెట్టు పక్కన వాళ్ళ నాన్న సమాధి ఉంది. వాళ్ళలో పోయినవాళ్ళను సొంత పొలంలోనే పాతిపెట్టి మీద రాయి నిలబెడతారు. అలాంటి పొలాలు మా వైపు ఎన్నో చేతులు మారాయి. ఎవరూ ఆ సంగతి కాగితం మీద రాసుకోరు. కొన్నవాడు సమాధి కదపడు, అమ్మినవాడు దీపం పెట్టుకోవడానికి వచ్చి వెళతాడు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. కరీం భాయ్ కూడా అలాగే అనుకుని కొంటున్నాడు. ఆ మాట ఎత్తవలసిన పనే లేదు. నేను ఎత్తాను, అదీ సంస్కృతంలో.

"అమ్మా, మీ ఆయన మీ దగ్గరే ఉంటాడు. నేనేం చేసుకుంటాను చెప్పు?" అన్నాడు కరీం భాయ్.

"నువ్వు మంచోడివే నాయనా. నీ తరవాత వచ్చినోడో? సదువుకున్న బాబు సెప్పేడు గదా, ఎనిమిదీ ఎల్లిపోతాయని." ఆవిడ బొటనవేలు పిడికిట్లో దాచేసుకుంది. "నాను ముద్దర ఎయ్యను. ఆ రాయి ఎడం పక్క జాగా నాది. సచ్చీ ముందు ఆడు సెప్పేడు, 'ఒలే, నువ్వొచ్చి నా పక్కన పడుకో' అని. బతికున్నన్నాళ్ళూ గురక పెట్టి నిద్దర పోనియ్యనేదు. ఇప్పుడు గురక నేదు, ఎల్దామనుకుంటన్నాను. ఆ జాగా పోతే నానెక్కడ పడుకోవాల?"

ఆ పిడికిలి విప్పించడానికి మధ్యాహ్నం దాకా ప్రయత్నించారు. విప్పలేదు. వ్యాను బేరం చేసుకున్న అప్పలనాయుడు నా వైపు చూసిన చూపుకు నేను బెల్లం దిమ్మనై ఉంటే అక్కడికక్కడే కరిగిపోయేవాణ్ణి.

"మాస్టారూ, మీరు పెట్టిన మంటే ఇది. మీరే ఆర్పాల" అన్నాడు.

ఆర్పడానికి నేను బయలుదేరాను. అసలు ఇల్లు కాలింది అప్పుడే.

నా ఆలోచన చక్కగా ఉంది. సమాధీ, దాని పక్కన ఆవిడ పడుకునే జాగా, ఇంతవరకూ ఒక చిన్న చదరం కొలిచి అమ్మకం నుంచి తీసేయడం. ఆ చదరం అష్టభోగాలతో సహా సన్యాసమ్మకే ఉంటుంది. ఆ సాయంత్రమే టేపు పట్టుకుని స్థలానికి వెళ్ళాం.

"అమ్మా, ఒకసారి నిలబడు. నీ పొడుగు చూడాలి" అన్నాను.

"ఏటీ? ఇప్పుడే కొలిసేత్తావా? నానింకా సావనేదు బాబూ."

"అప్పుడు కొలిస్తే ఉపయోగం ఉండదు కదమ్మా."

"ఏటి మాస్టారూ," అన్నాడు అప్పలనాయుడు, "మా యమ్మకి గౌను కుట్టిత్తన్నారేటి?"

ఆవిడ మాత్రం తాటిచెట్టుకు ఆనుకుని నిలబడింది. టేపు ఒక కొన కాలి కింద తొక్కించి, రెండో కొన నెత్తి దాకా లాగాను. భుజాల వెడల్పు చూశాను. రాసుకుంటుంటే ఆవిడ తల వంచి నా కాగితంలోకి చూసింది. చదువు రాదు, అయినా చూసింది.

"బాబూ, నడుం వంగిపోయింది గదా నాకు. సచ్చినాక సాపుగా పడుకుంటే ఇంకో జానెడు పొడుగుంటాను. ఆ జానెడు ఎయ్యి."

నిజమే. సెంటులో పదో వంతు తేడా రానివ్వని నాకు ఆ సంగతి తట్టలేదు. జానెడు వేశాను. ముసలాయన సమాధికీ ఆవిడ జాగాకూ మధ్య కాస్త ఎడం ఉంచుతానంటే, "వద్దు, ఎడం బతికున్నప్పుడు సాలా ఉండీది" అంది. ఎడం తీసేశాను.

నాలుగు మూలలా రాళ్ళు పాతించాను. చదరానికి వెనక, గెడ్డ గట్టు వరకూ రెండు గజాల నేల మిగిలింది.

"ఆ కూసింత కూడా కలిపేత్తే పోదా మాస్టారూ?" అన్నాడు అప్పలనాయుడు.

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. "పిచ్చివాడా, గెడ్డ పొంగితే ముందు కోసుకుపోయేది ఆ రెండు గజాలే. అది కొన్నవాడికి పోనీ. మనకు గట్టి నేల చాలు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరునాడు కామేశం గారు ఆవలిస్తూ నేను చెప్పినట్టే రాశారు. చదరానికి నాలుగు హద్దులు వేశారు, 'అష్టభోగ తేజస్స్వామ్యములతో సన్యాసమ్మ గారికే ఉండునట్లు' అని చేర్చారు. నాలుగు దిక్కులా హద్దు కరీం భాయ్ స్థలమే అని స్వయంగా నేనే చదివి వినిపించాను. నాలుగు దిక్కులా! చదివింది నేను. నా నోరే. నా చెవులే. ఏమీ అనిపించలేదు.

"ఎనిమిదీ నాయేనా బాబూ?" అంది సన్యాసమ్మ.

"ఎనిమిదీ నీవే అమ్మా. ఇక కలెక్టరు వచ్చినా కదపలేడు."

ఆవిడ పిడికిలి విప్పింది. ముద్ర పడింది. అప్పలనాయుడికి వ్యాను వచ్చింది. నేను చాలాకాలం రోడ్డు మీద కాస్త వెనక్కి వాలి నడిచాను.

కరీం భాయ్ పని మొదలుపెట్టాడు. రోడ్డు వైపు, ఈ చివర నుంచి ఆ చివర దాకా షెడ్డు లేచింది. మిగిలిన మూడు వైపులా ఇనపసామాను దొంగలు పట్టుకుపోకుండా మనిషికి మించిన గోడ లేచింది. ఒక అమావాస్య రోజున సన్యాసమ్మ మార్కెట్‌లో నా కాటా దగ్గరికి వచ్చింది. చేతిలో ప్రమిద, నూనె సీసా.

"బాబూ, ఆ ఎనిమిదీ మరోసారి సెప్పు."

నాకు పండగలా ఉంది. తూకం ఆపించి, దిమ్మలు మోసే కళాసీలందరూ వింటుండగా గొంతు సవరించుకుని చెప్పాను. చేతిలోవి కింద పెట్టి, ఒక్కో మాటకూ ఆవిడ ఒక్కో వేలు ముడిచింది. ఎనిమిది వేళ్ళు ముడుచుకున్నాయి. మిగిలిన రెండూ నా మొహం ముందు ఆడించింది.

"ఇందులో దారేది?"

"ఏం దారమ్మా?"

"నిధి నాది. నీరు నాది. రాయి నాది. రాబోయేది, వచ్చేసింది, అంతా నాదే. మరి నానక్కడికి ఎలగెల్లాల? సుట్టూరా సాయిబు గారి జాగా, సాయిబు గారి గోడ. పిట్టనైతే ఎగిరెల్దును. పిట్టగా పుట్టించనేదు దేవుడు."

కాటా మీద దిమ్మ అలాగే ఉండిపోయింది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం... లోపల మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. ఆ మాటలు రాసిన రాజులకు దారి అక్కర్లేదు, వాళ్ళు ఎటు నడిస్తే అదే దారి. సన్యాసమ్మకు కావలసింది ఆ ఒక్కటే. గెడ్డ గట్టు అందరిదీ, ఆ రెండు గజాలు మా చదరంలో కలిపి ఉంటే గట్టు మీద నుంచి నేరుగా దిగేది. వరదకు భయపడి ఆ రెండు గజాలూ వదిలేసినవాణ్ణి నేను.

"ఏటి మాస్టారూ, లెక్క తప్పిందా?" అన్నాడు ఒక కళాసీ. వాడిని ఇప్పటికీ క్షమించలేదు.

కరీం భాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన విని పెద్దగా నవ్వి, "ఇంతేనా? అమ్మ షెడ్డులోంచి వెళ్తుంది, ఎవరు వద్దంటారు?" అన్నాడు. అలాగే వెళ్ళేది. షెడ్డులో యంత్రానికీ గోడకూ మధ్య ఒక సందు ఉంది. ఆవిడ ఒక పక్కకు తిరిగి, ప్రమిద గుండెకు ఆనించుకుని అందులోంచి వెళ్ళేది. ఆవిడ రాగానే వెల్డింగ్ ఆపేసేవారు. "సూడండర్రా, నా సీర కాల్చేత్తే మీ సాయిబు గారి సేత కొత్తది కొనిపిత్తాను" అని అరిచేది. సమాధి దగ్గర కూర్చుని ముసలాయనకు ఊరి కబుర్లన్నీ చెప్పేది, ఆయన బతికి ఉండగా వినని మాటలన్నీ ఇప్పుడు వినిపించేది.

ఒకసారి కరీం భాయ్ అన్నాడు: "మాస్టారూ, అమ్మకి ఈ సందు కష్టం. వెనక గోడకి ఒక గేటు పెట్టేస్తాను. నా చేతిలో పనే కదా?"

ఇక్కడ 'సరే' అని ఉంటే నేను మనిషినయ్యేవాణ్ణి. "వద్దు భాయ్" అన్నాను. "మీరు గేటు పెడితే ఆవిడ మీ దయ మీద వెళ్ళినట్టు అవుతుంది. హక్కుగా వెళ్ళాలి. దారి హక్కుకు సవరణ దస్తావేజు రాయిద్దాం. నేను ముసాయిదా తయారుచేస్తాను. ఆ తరువాత గేటు."

తయారుచేయడం మొదలుపెట్టాను. దారి వెడల్పు ఎంత? నడవడానికి మాత్రమేనా, నూనె డబ్బా మోయడానికి కూడానా? వర్షాకాలంలో బురదైతే మట్టి ఎవరు పోయించాలి? ఈసారి నా మీద తప్పు పట్టడానికి ఎవరికీ సందు ఇవ్వకూడదని పట్టుదల. రాసినకొద్దీ కొత్త సందేహం పుట్టేది. కామేశం గారు చూసి, "ఒరేయ్, 'దారి ఉంది' అని ఒక్క వాక్యం రాయి, చాలు" అన్నారు. ఒక్క వాక్యమా! ఎనిమిది మాటలు రాసి మోసపోయినవాణ్ణి, ఒక్క వాక్యాన్ని నమ్ముతానా?

అమావాస్యకు అమావాస్యకు సన్యాసమ్మ అడిగేది. "అయిందా బాబూ కాయితం?"

"దగ్గరికొచ్చిందమ్మా."

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒకసారి అడిగింది, "అయిందా?" అని. "దగ్గరికొచ్చిందమ్మా" అన్నాను.

"నానూ దగ్గరికొచ్చేసేను బాబూ" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ తరువాత ఎక్కువ కాలం లేదు.

కబురు వచ్చేసరికి కాటా దగ్గర ఉన్నాను. "మాస్టారూ, టేపు అట్టుకు రండి" అన్నాడు ఫోన్‌లో అప్పలనాయుడు. తల్లి పోయిందని చెప్పడానికి ముందు ఆ మాట అన్నాడు.

పాడె షెడ్డు ముందు దించి ఉంది. ఈమధ్యే కరీం భాయ్ పాత యంత్రం చోట పెద్ద కటింగ్ మిషను తెచ్చి, కదలకుండా సిమెంటులో బోల్టులు దింపి బిగించాడు. సందు అలాగే ఉంది, పక్కకు తిరిగిన మనిషి పట్టేంత. పడుకున్న మనిషి పక్కకు తిరగదు. నేను కొలిచాను. మళ్ళీ కొలిచాను. టేపు మారదు కదా. పాడె కంటే సందు జానెడు తక్కువ.

"ఓరగా నిలబెడితే వెళ్ళిపోద్దేమో" అన్నాడు మోసేవాళ్ళలో ఒకడు.

అప్పలనాయుడు అతని వైపు తిరిగాడు. "మా యమ్మ ఏటనుకున్నావురా, బీరువా అనుకున్నావా?"

కరీం భాయ్ కళ్ళు తుడుచుకుంటూ సుత్తి తెచ్చాడు. "నాయుడు బావా, వెనక గోడ ఇప్పుడే పగలగొట్టేస్తాను."

"వద్దు బావా" అన్నాడు అప్పలనాయుడు. "మొన్ననే సెప్పింది. 'సాయిబు గారు ఇన్నాళ్ళు దారిచ్చేడు, నా వల్ల ఆయన గోడకి దెబ్బ తగలనీకు' అని. ఆ మాట నాను తియ్యలేను."

"మరెలా?"

అందరూ నా వైపు చూశారు. నాకు తెలిసిన గణితమంతా కలిపినా జవాబు ఒక్కటే వచ్చింది. "నిచ్చెన" అన్నాను.

గెడ్డ గట్టు మీద నుంచి చుట్టు తిరిగి వెనక గోడ దగ్గరికి వెళ్ళాం. గోడకు ఇటు ఒకటి, అటు ఒకటి, రెండు నిచ్చెనలు వేశారు. ఎంత వాలుగా ఉంచితే పాడె జారదో నేను చెప్పాను, ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు. తలవైపు ముందా, కాళ్ళవైపు ముందా అని పెద్దవాళ్ళు కాసేపు తగువులాడుకున్నారు. "కాళ్ళే ముందు. నడుసుకుంటూ ఎల్లాలనే గదా ఆవిడ గోల" అన్నాడు ఒక ముసలాయన. తగువు తీరిపోయింది.

గోడ మీద ఒక మనిషి కూర్చుని అందుకోవాలి. ఎవరు కూర్చోవాలో చెప్పనక్కర్లేదు. అటొక కాలు, ఇటొక కాలు వేసుకుని కూర్చున్నాను. కింద నుంచి పాడె పైకి జరుగుతూ వచ్చింది. కాళ్ళు దాటాయి, చేతులు దాటాయి, చివరికి ఆవిడ మొహం సరిగ్గా నా మొహం ముందుకు వచ్చి ఆగింది. అటువైపు వాళ్ళు పట్టు సర్దుకుంటున్నారు. చాలా తేలిగ్గా ఉంది. బెల్లం తూకం వేసిన చేతులు కదా, బరువు తెలుస్తుంది. ఆ కాసేపూ ఎటు చూడాలో తెలియక ఆవిడనే చూశాను. 'అయిందా బాబూ కాయితం?' అన్నట్టే ఉంది.

"ఒగ్గండి మాస్టారూ, మేం అట్టుకున్నాం" అని అటునుంచి అరిచారు. వదిలాను.

గొయ్యి నేను పాతించిన నాలుగు రాళ్ళ మధ్య తవ్వారు. ఆవిడ సాపుగా పడుకుంది. సరిపోయింది, జానెడుతో సహా. నా బతుకులో అంత కచ్చితంగా వచ్చిన కొలత ఇంకొకటి లేదు. ఎవరూ మెచ్చుకోలేదు, నాతో సహా.

దినకార్యాలు అయ్యాక, 'అమ్మ మాట అమ్మతో తీరింది, ఇక నా గోడ నా ఇష్టం' అంటూ కరీం భాయ్ మమ్మల్ని పిలిచాడు. కామేశం గారు ఒక్క వాక్యం రాసి తెచ్చారు: గెడ్డ గట్టు నుంచి సమాధికి దారి ఉంది. దాని కింద కరీం భాయ్ సంతకం పెట్టాడు. "ఇది రాయడానికి ఎంతసేపు పట్టిందో అడగవేం?" అన్నారు కామేశం గారు నాతో. నేను అడగలేదు.

"గేటు ఎంత వెడల్పు పెట్టమంటారు?" అన్నాడు కరీం భాయ్, సుద్దముక్క పట్టుకుని.

"పాడె పట్టేంత" అన్నాడు అప్పలనాయుడు. "సరిగ్గా కొలవాల. మాస్టార్ని పడుకోబెట్టి కొలవండి బావా. మా యమ్మని నిలబెట్టి కొలిసేడు గదా."

ఎవరైనా నవ్వుతారేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు. షెడ్డు నేల మీద రెండు చెక్కలు వేశారు. పడుకున్నాను. కరీం భాయ్ నా చుట్టూ సుద్దతో గీత గీస్తున్నాడు.

"మోచేతులు వదులు చెయ్యండి మాస్టారూ. పోయినోళ్ళు అలా ముడుచుకోరు."

వదులు చేశాను. పై రేకుల్లో ఒక చోట చిల్లు ఉంది, అందులోంచి ఆకాశం నాణెమంత కనిపిస్తోంది. గీత పూర్తయింది. కరీం భాయ్ సుద్దముక్క పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"నాయుడు బావా, లోపల ఎంతమందికి జాగా?"

"ఇద్దరికే."

"ఇద్దరూ వచ్చేశారు కదా?"

పాడె పట్టేంత గేటు ఇక ఏ పాడెకూ అక్కర్లేదు.

"పోనీలే బావా, ఎట్టేయ్" అన్నాడు అప్పలనాయుడు. "దీపం ఇరుకు పడకుండా ఎల్తాది."

నన్ను లేవమని ఎవరూ అనలేదు. కాబట్టి పడుకున్నచోటే ఒట్టు వేసుకున్నాను. నిధి సాక్షిగా, నిక్షేపం సాక్షిగా, జల పాషాణాలూ మిగిలిన నలుగురూ సాక్షిగా, ఇకపై ఎవరి భూమి కొలిచినా, అది రాజుగారి కోట అయినా, రెండు గజాల కొట్టం అయినా, ముందు బయట నిలబడి 'ఇందులోకి ఎటునుంచి వెళ్ళాలి?' అని అడుగుతాను. అడిగి, నడిచి చూసి, ఆ తరువాతే టేపు విప్పుతాను. సంస్కృతం మాత్రం విప్పను.